చేత్తో కట్టిన పాత వాల్వు రేడియో: బాగుచేయడమంటే ఏం చేయడం?

పాత వాల్వు రేడియో ఒకటి చేతికొచ్చిందనగానే ముగ్గురు మూడు సలహాలిస్తారు. కండెన్సర్లన్నీ పీకేసి కొత్తవి వేయమంటారు ఒకరు. దేన్నీ ముట్టుకోవద్దంటారు ఇంకొకరు. ముందు ప్లగ్గు పెట్టి చూడమంటారు మరొకరు. ఈ చివరి సలహా ఎప్పుడూ తప్పే. మిగతా రెండింటిలో ఏది సరైనదన్నది ఆ సెట్టు ఎక్కడ తయారైందన్న దాన్నిబట్టి మారుతుంది. ఫ్యాక్టరీ రేడియోకి సర్క్యూట్ డయాగ్రం దొరుకుతుంది, అదే మోడల్ ఇంకో నాలుగు చోట్ల ఉంటుంది, ఒకదాన్ని చూసి ఒకదాన్ని సరిచేయవచ్చు. ఎవరో ఔత్సాహికుడు చెక్క పలక మీద తన చేత్తో బిగించుకున్న సెట్టు అలా కాదు. అలాంటిది లోకంలో అదొక్కటే. దాని డయాగ్రం దాని వైర్లలోనే ఉంది. ఒక వైరు పీకితే డయాగ్రంలో ఒక గీత చెరిపినట్టే.

## ఒకే పేరుతో నడిచే మూడు పనులు

"బాగుచేయడం" అన్న ఒక్క మాటలో మూడు వేరువేరు పనులు కలిసిపోతున్నాయి, గందరగోళం అక్కడే మొదలవుతోంది. మొదటిది రిపేరు: సెట్టు పలకాలి, లోపల ఏం మారినా ఫర్వాలేదు. రెండోది పునరుద్ధరణ: కట్టిన రోజున ఎలా ఉండేదో, ఎలా పలికేదో అలా తేవడం. మూడోది సంరక్షణ: పలికినా పలకకపోయినా ఇప్పుడున్న స్థితి ఇంకా చెడకుండా ఆపడం.

ఇంట్లో కట్టిన సెట్టు విషయంలో రెండోదానికి ఒక చిక్కుంది. "కట్టిన రోజు" అంటే ఏ రోజు? 1926లో ఒక వాల్వుతో మొదలుపెట్టినవాడు మరుసటి ఏడాది రెండు ఆంప్లిఫయర్ వాల్వులు చేర్చి ఉండవచ్చు, ఆ తర్వాత కరెంటు వచ్చాక బ్యాటరీలు తీసేసి, వాటి బదులు మెయిన్స్ నుంచి డీసీ ఇచ్చే ఎలిమినేటర్ తగిలించి ఉండవచ్చు. ముందు పలక మీద వాడకుండా మిగిలిన రంధ్రాలు, సోల్డరింగులో రెండు రకాల మెరుపు, ఒక మూల గుండ్రటి వైరు, ఇంకో మూల చతురస్రపు బస్‌బార్ వైరు కనిపిస్తే అది చరిత్రే, పాడవడం కాదు. ఆ మార్పుల్లో ఏ దశ దగ్గర ఆగాలో తేల్చుకోకుండా పని మొదలుపెడితే, ఎప్పుడూ లేని సెట్టు ఒకటి తయారవుతుంది.

## వాల్వుకి మూడు బ్యాటరీలు ఎందుకు?

గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఫిలమెంటు వేడెక్కితే దాని నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. ఎదురుగా ఉన్న ప్లేటుకి పాజిటివ్ వోల్టేజి ఇస్తే అవి అటు పరుగెడతాయి. 1904లో ఫ్లెమింగ్ చేసిన వాల్వులో ఈ రెండే ఉండేవి. 1906లో లీ డి ఫారెస్ట్ మధ్యలో మూడో ఎలక్ట్రోడు చేర్చాడు. అదే గ్రిడ్. గ్రిడ్ మీద వోల్టేజిలో చిన్న మార్పు వస్తే ప్లేటు కరెంటులో పెద్ద మార్పు వస్తుంది. ఆంప్లిఫికేషన్ అంటే అదే.

అందుకే 1920ల సెట్టు వెనక టెర్మినళ్ల మీద ఏ, బీ, సీ అని ఉంటుంది. ఏ బ్యాటరీ ఫిలమెంటును వేడిచేయడానికి, బీ బ్యాటరీ ప్లేటుకి, సీ బ్యాటరీ గ్రిడ్‌ను కాస్త నెగెటివ్‌లో ఉంచడానికి. ఆ కాలపు అమెరికన్ సెట్లలో విరివిగా కనిపించే 201ఏ వాల్వునే తీసుకుందాం. దాని ఫిలమెంటుకి 5 వోల్టులు, 0.25 ఆంపియర్లు కావాలి. ఏ బ్యాటరీ 6 వోల్టులది. మిగిలిన 1 వోల్టు రియోస్టాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టరు) మీద పోవాలి: 1ని 0.25తో భాగిస్తే 4 ఓములు. మూడు వాల్వులకూ కలిపి ఒకే రియోస్టాట్ ఉంటే కరెంటు 0.75 ఆంపియర్లు, అప్పుడు 1.33 ఓములు చాలు. రియోస్టాట్ మీద తీగ ఏ చోట ఎక్కువ అరిగిందో చూస్తే కట్టినవాడు దాన్ని ఎక్కడ ఉంచి వాడేవాడో కూడా తెలిసిపోతుంది.

## ముందు తెలుసుకోవాల్సింది: ఇది ఏ కుటుంబానికి చెందింది?

చేత్తో కట్టిన సెట్లు స్థూలంగా మూడు రకాలు. బ్యాటరీ సెట్లలో ప్రాణాపాయం తక్కువ, వాల్వులకి అపాయం ఎక్కువ. బీ వైరు పొరపాటున ఏ టెర్మినల్‌కి తగిలితే 90 వోల్టులు ఫిలమెంట్లలోకి వెళ్లి అన్ని వాల్వులూ ఒక్క క్షణంలో పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మెయిన్స్ సెట్లలో 250 నుంచి 400 వోల్టుల డీసీ ఉంటుంది. స్విచ్ ఆపాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో అది నిలిచి ఉంటుంది.

మూడో రకంతోనే అసలు ప్రమాదం. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాల్వుల హీటర్లన్నీ (లోపల వేడెక్కే తీగలు) సిరీస్‌లో కలిపి నేరుగా మెయిన్స్‌కి ఇచ్చిన సెట్లివి. వీటిలో మెయిన్స్ వైర్లలో ఒకటి ఛాసీకే, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు చట్రానికే, తగిలి ఉంటుంది. ప్లగ్గు తిప్పి పెడితే ఛాసీ మొత్తం ఫేజ్ అవుతుంది. నాబ్ ఊడిపోయి ఇనుప కడ్డీ బయటికి కనిపిస్తుంటే ఆ కడ్డీ కూడా ఫేజే. సెట్టును మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఇలాంటి సెట్టు మీద చేయి వేయకూడదు. ఇందులో రెండో అభిప్రాయం లేదు.

## డయాగ్రం లేనప్పుడు వైర్లే చదవాలి

పని మొదలయ్యేది టంకం కడ్డీతో కాదు, కాగితం పెన్సిలుతో. పైనుంచీ కిందనుంచీ ఫొటోలు తీసుకుని, ప్రతి వాల్వు సాకెట్ దగ్గర మొదలుపెట్టి గీసుకుంటూ పోవడం పద్ధతి. నాలుగు పిన్నుల అమెరికన్ వాల్వుల్లో రెండు లావు పిన్నులు ఫిలమెంటువి, రెండు సన్నవి గ్రిడ్డు, ప్లేటు. ఎనిమిది పిన్నుల ఆక్టల్ వాల్వయితే కిందనుంచి చూస్తూ మధ్యనున్న గాడి దగ్గర్నుంచి గడియారం ముల్లు దిశలో లెక్కపెట్టాలి. 6.3 వోల్టుల వాల్వుల్లో ఎక్కువవాటికి హీటర్ 2, 7 పిన్నుల మీద ఉంటుంది. హీటర్లు దొరికితే సగం అల్లిక విడిపోయినట్టే.

రెసిస్టర్ల రంగులు చదవడంలో చాలామంది బోల్తా పడతారు. పాతవాటి మీద ఇప్పటిలా గీతలు ఉండవు. ఒళ్లు రంగు మొదటి అంకె, కొస రంగు రెండో అంకె, మధ్యలో చుక్క సున్నాల సంఖ్య. ఆకుపచ్చ ఒళ్లు, నల్ల కొస, పసుపు చుక్క అంటే 5, 0, నాలుగు సున్నాలు: 5 లక్షల ఓములు. చుక్క కనిపించలేదంటే లేదని కాదు, ఒళ్లు రంగులోనే కలిసిపోయిందని. మీటరు పెడితే అది 7 లక్షలు చూపించవచ్చు. కార్బన్ రెసిస్టర్లు వయసుతోపాటు పైకే పాకుతాయి. గాజు గొట్టంలో ఉండే గ్రిడ్ లీక్‌లయితే (గ్రిడ్డుకి తగిలించే పెద్ద విలువ రెసిస్టర్లు) మరీను. 2 మెగోములని రాసి ఉన్నది 15 చూపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

పలక ఎబొనైటా, బేకలైటా అన్నది కూడా చూడాలి. ఎబొనైటు గంధకం కలిపిన గట్టి రబ్బరు. ఏళ్లతరబడి వెలుతురు సోకితే నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకి తిరుగుతుంది. వేలితో గట్టిగా రుద్దితే గంధకం వాసన కొడుతుంది. అలా పాతబడిన ఎబొనైటు పైపొర తేమతో కలిసి కొద్దిగా కరెంటు పారనిస్తుంది. గ్రిడ్ టెర్మినల్ దానిమీదే ఉంటే భాగాలన్నీ బాగున్నా సెట్టు మూగగానే ఉంటుంది.

## తప్పా, ఉద్దేశమా? కాయిల్ లెక్క

ఇంట్లో కట్టిన సెట్టులో ప్రతి వింతా తప్పు కాదు. దీన్ని తేల్చడానికి కాయిల్ మంచి ఉదాహరణ. ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ కాయిల్ ఇండక్టెన్స్, గ్యాంగ్ కండెన్సర్ (డయల్ తిప్పితే ప్లేట్లు కదిలేది) కెపాసిటెన్స్‌ల లబ్ధం వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. 180 మైక్రోహెన్రీల కాయిల్‌కి 500 పికోఫారడ్ల గ్యాంగ్ పెడితే పూర్తిగా మూసినప్పుడు సుమారు 530 కిలోహెర్ట్‌జ్ వస్తుంది. పూర్తిగా తెరిస్తే, వైర్ల కెపాసిటెన్స్‌తో కలిపి 45 పికోఫారడ్లు మిగిలాయనుకుంటే, సుమారు 1,770. మీడియం వేవ్ మొత్తం అందులో ఇమిడిపోయింది.

ఇప్పుడు చేతిలో ఉన్న సెట్టు కాయిల్ 45 మైక్రోహెన్రీలే చూపించిందనుకుందాం. ఇండక్టెన్స్ నాలుగో వంతయితే ఫ్రీక్వెన్సీ రెట్టింపవుతుంది: 1,060 నుంచి 3,540 వరకు. "ఎవరో చుట్లు ఊడబెరికారు, మళ్లీ చుట్టాలి" అనిపించడం సహజం. కానీ తీగ కొస శుభ్రంగా కట్టి, రంధ్రంలోంచి తీసి, పాత టంకంతోనే అతికి ఉంటే అది ఊడింది కాదు. కట్టినవాడికి మీడియం వేవ్ పైభాగం, దాని పైన ఉన్న బ్యాండ్లూ కావాల్సి వచ్చి చుట్లు సగానికి తగ్గించుకున్నాడు. దాన్ని "సరిచేస్తే" అతను విన్నదేమిటో మనం చెరిపేసినట్టే. గ్రిడ్ లీక్ రెండో కొస ఫిలమెంటు పాజిటివ్ వైపు వెళ్లడం కూడా ఇలాంటిదే. చూసినవాళ్లు పొరపాటనుకుంటారు, 201ఏను డిటెక్టర్‌గా (రేడియో సిగ్నల్ నుంచి శబ్దాన్ని విడదీసే వాల్వుగా) వాడినప్పుడు అదే సరైన కనెక్షను.

నిజమైన తప్పులూ ఉంటాయి. యాసిడ్ ఫ్లక్స్‌తో చేసిన సోల్డరింగ్ చుట్టూ ఆకుపచ్చ పొక్కులు, మెరుపు లేని చల్ల టంకం, రీజనరేషన్ (ప్లేటు సిగ్నల్‌లో కొంత మళ్లీ గ్రిడ్డు వైపు పంపి బలం పెంచడం) కోసం చుట్టిన టిక్లర్ కాయిల్ వైర్లు తారుమారవడం. టిక్లర్ తిరగబడితే సెట్టు ఎంత తిప్పినా ఈల వేయదు, స్టేషన్లు పలచగా వినిపిస్తాయి. కానీ వైర్లు మార్చేముందు డిటెక్టర్ ప్లేటుకి 22 నుంచి 45 వోల్టులు అందుతున్నాయో లేదో, గ్రిడ్ లీక్ విలువ సరిగా ఉందో లేదో చూడాలి. ఈ రెండిట్లో ఏది తేడా అయినా లక్షణం అదే.

## కండెన్సరు లీకైతే వాల్వెందుకు కాలుతుంది?

ఈ రంగంలో పాతవాళ్లు కండెన్సరంటారు, కొత్తవాళ్లు కెపాసిటరంటారు, వస్తువొకటే. ఏసీని పోనిచ్చి డీసీని ఆపడం దాని పని. మైనం పూసిన కాగితం గొట్టంలో ఉండే పేపర్ కండెన్సర్లలోకి దశాబ్దాల తేమ చేరి డీసీ కూడా కారుతుంది. అలా కారడం వల్ల ఏమవుతుందో ఒక లెక్కలో చూద్దాం.

1930ల చివర్లో వచ్చిన 6వీ6 అవుట్‌పుట్ వాల్వు ప్లేటుకి 250 వోల్టులు, గ్రిడ్డుకి మైనస్ 12.5 వోల్టులు ఇస్తే ప్లేటు కరెంటు 45 మిల్లీఆంపియర్లు. అంటే ప్లేటు మీద 11.25 వాట్లు. దాని పరిమితి 12. మొదట్నుంచీ అంచు మీద నడిచే వాల్వన్నమాట. ముందు వాల్వు ప్లేటు 150 వోల్టుల దగ్గరుంది. రెండిటి మధ్య కండెన్సరు 10 మెగోముల లీకేజీకి వచ్చింది. గ్రిడ్ రెసిస్టర్ 0.47 మెగోములు. 150ని 0.47తో గుణించి 10.47తో భాగిస్తే 6.7 వోల్టులు. ఆ మేరకు గ్రిడ్డు పాజిటివ్ వైపు జరుగుతుంది. మైనస్ 12.5 ఉండాల్సిన చోట మైనస్ 5.8. వోల్టుకి 4 మిల్లీఆంపియర్ల చొప్పున కరెంటు దాదాపు 27 పెరిగి 72కి చేరుతుంది. 250తో గుణిస్తే 18 వాట్లు. ప్లేటు ఎర్రబడుతుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది, పది నిమిషాలకి పాట గరగరమంటుంది. గ్రిడ్డుకి ఉండే ఆ నెగెటివ్ వోల్టేజి (బయాస్) కాథోడ్, అంటే ఎలక్ట్రాన్లిచ్చే ఎలక్ట్రోడు, దగ్గరి రెసిస్టర్‌తో ఏర్పడే సెట్లలో ఇది కొంత తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి ఇంత పెరగదు, కానీ దిశ అదే.

మల్టీమీటరుతో విడిగా చూస్తే ఈ కండెన్సరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మీటరు ఇచ్చే ఒకటి రెండు వోల్టులకి లీకేజీ బయటపడదు, అసలు వోల్టేజీ, వేడీ తగలాలి. అందుకే హీటర్లు సమాంతరంగా ఉన్న సెట్టులో అవుట్‌పుట్ వాల్వు పీకేసి, మిగతా సెట్టు ఆన్ చేసి, ఖాళీ సాకెట్ గ్రిడ్ పిన్ను దగ్గర వోల్టేజి చూస్తారు. బయాస్ కాథోడ్ రెసిస్టర్‌తో ఏర్పడే సెట్టయితే సున్నా ఉండాలి. అర వోల్టు పాజిటివ్ కనిపించినా ఆ కండెన్సరు పని అయిపోయినట్టే.

అలాగని అన్నీ మార్చనక్కర్లేదు. మైకా కండెన్సర్లు చాలావరకు ఇప్పటికీ బాగుంటాయి. గాలి గ్యాంగులు దుమ్ము దులిపితే చాలు, జింకు పోతపోసిన ఫ్రేములున్నవి తప్ప. ఆ జింకు ఉబ్బి పగిలి ప్లేట్లను ఒకదానికొకటి రాసుకునేలా చేస్తుంది. దానికి మందు లేదు.

## తెగిపోయిన ఆడియో ట్రాన్స్‌ఫార్మర్

బ్యాటరీ సెట్లలో ఎక్కువగా పోయే భాగం ఇదే. వాల్వుకీ వాల్వుకీ మధ్య ఉండే ఈ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వెంట్రుకంత సన్నని తీగ ఉంటుంది, అందులో ఎప్పుడూ డీసీ పారుతుంటుంది. తేమ తోడైతే రాగి తీగ విద్యుద్విశ్లేషణకి లోనై ఎక్కడో ఒకచోట ఆకుపచ్చ మచ్చగా తెగిపోతుంది. మంచి ప్రైమరీ కొన్ని వందల నుంచి రెండు వేల ఓముల దాకా చూపిస్తుంది, తెగినది ఏమీ చూపించదు.

మళ్లీ చుట్టించడం ఉత్తమం, కష్టం కూడా. పాత డబ్బాలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దాచడం మధ్యేమార్గం. ప్రైమరీ బదులు లక్ష ఓముల రెసిస్టరు, 0.01 మైక్రోఫారడ్ కండెన్సరు పెట్టడం సులువు, కానీ నష్టం ఉంది. 201ఏ ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 8. మూడింతలు పెంచే ట్రాన్స్‌ఫార్మర్‌తో 8 మూళ్లు 24 వస్తుంది. రెసిస్టర్ పద్ధతిలో 6 వస్తే గొప్ప. ఒక్క దశలోనే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. ఇయర్‌ఫోన్లలో వినేవాళ్లకి ఫర్వాలేదు, హారన్ స్పీకరుకి చాలదు.

## వెలిగిన వాల్వు పనిచేస్తున్నట్టేనా?

కాదు. 201ఏ ఫిలమెంటు థోరియం కలిపిన టంగ్‌స్టన్. పైన ఉన్న థోరియం పొర అయిపోతే చక్కగా వెలుగుతూనే ఎలక్ట్రాన్లు ఇవ్వడం మానేస్తుంది. ప్లేటు వోల్టేజి ఇవ్వకుండా కొన్ని సెకన్లు మామూలుకి మూడింతల వోల్టేజి, తర్వాత అరగంట పైన 7 వోల్టుల దగ్గర కాల్చితే లోపలి థోరియం పైకి వస్తుంది. కొన్ని బతుకుతాయి, కొన్ని ఆ మొదటి సెకన్లలోనే తెగిపోతాయి. ఆక్సైడ్ పూసిన ఫిలమెంట్లకి ఇది పనికిరాదు. గాజు లోపలి వెండి పూత పాలలా తెల్లబడి ఉంటే లోపలికి గాలి చేరింది, ఇక దాన్ని అలంకారానికే ఉంచుకోవాలి. వాల్వు పోయిందని తేల్చేముందు పిన్నులు తుడిచి, పిన్నుల కొసల్లో టంకం ఒకసారి వేడిచేసి చూడటం మంచిది. సగం "పోయిన" వాల్వుల జబ్బు అక్కడే ఉంటుంది.

## మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు

బ్యాటరీ సెట్టుకి పాత బీ బ్యాటరీలు ఇప్పుడు దొరకవు. పది 9 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపితే 90 వోల్టులు, అయిదో దాని దగ్గర్నుంచి వైరు తీస్తే డిటెక్టర్‌కి 45. మూడు వాల్వుల సెట్టు లాగేది 6.5 మిల్లీఆంపియర్లయితే, బ్యాటరీ సామర్థ్యం 500 మిల్లీఆంపియర్ అవర్లనుకుంటే, 77 గంటలు వస్తుంది. బీ నెగెటివ్ వైరులో ఒక సన్న ఫ్యూజు పెడితే ఫిలమెంట్లు మాడే ప్రమాదం తగ్గుతుంది.

మెయిన్స్ సెట్టుకి సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టడం పాత ఉపాయం, ఇప్పటికీ దానికి సాటి లేదు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ముందు ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు తీసేసి కరెంటు ఇస్తారు. బల్బు పూర్తి వెలుగుతో వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్‌లోనే షార్టుంది. ఒక్కసారి మెరిసి తగ్గిపోతే మంచిదే. వేరియాక్‌తో (తిప్పి వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మర్) మెల్లగా వోల్టేజి పెంచితే పాత ఎలెక్ట్రోలిటిక్ కండెన్సర్లు "కోలుకుంటాయి" అని ఒక నమ్మకం ఉంది. వాల్వు రెక్టిఫయర్ ఉన్న సెట్టులో అది సగమే నిజం. రెక్టిఫయర్ ఫిలమెంటు తగినంత వేడెక్కేదాకా డీసీయే రాదు, వేడెక్కాక ఒక్కసారిగా వస్తుంది. మెల్లగా పెంచిన ప్రయోజనం చాలావరకు అక్కడే పోతుంది.

## పాత గొట్టంలో కొత్త కండెన్సరు: రెండు వాదాలు

మైనం గొట్టాన్ని వేడిచేసి లోపలిది లాగేసి, చిన్న ఫిల్మ్ కండెన్సరు పెట్టి మళ్లీ మైనంతో మూసేయడం ఒక పద్ధతి. సెట్టు చూపు మారదు, పలుకూ వస్తుంది అన్నది దీని బలం. రేపు తెరిచి చూసేవాడిని ఇది మోసం చేస్తుందన్నది ఎదుటివారి మాట. వాళ్లు పాత కండెన్సరు ఒక కాలు విప్పి అక్కడే వదిలేసి, కొత్తదాన్ని కనిపించేలా పక్కన అతికిస్తారు. నిజాయితీగా ఉంటుంది, అందంగా ఉండదు.

చేత్తో కట్టిన సెట్టులో ఇంకో సంగతి ఉంది. గొట్టం తీయాలంటే కట్టినవాడు వేసిన టంకం కరిగించాలి. ఫ్యాక్టరీ రేడియోలో ఆ టంకానికి విలువ లేదు, ఇక్కడ ఉంది. 1920ల బ్యాటరీ సెట్లలో ఎక్కువగా మైకా కండెన్సర్లే ఉంటాయి కనుక చాలాసార్లు ఒక్క అతుకూ కరిగించకుండా పలికించవచ్చు. ఒక గ్రిడ్ లీక్, ఒక ట్రాన్స్‌ఫార్మర్, శుభ్రమైన పిన్నులు, అంతే. మెయిన్స్ సెట్లలో ఆ వెసులుబాటు లేదు. మెయిన్స్ వైరుకీ ఛాసీకీ మధ్య ఉన్న కండెన్సరు, ఫిల్టర్లు, అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్ కండెన్సరు మార్చి తీరాలి. మొదటిదాని స్థానంలో మెయిన్స్ కోసమే తయారైన వై తరగతిది మాత్రమే వేయాలి. ఏ దారి ఎంచుకున్నా, తీసిన భాగాలు ఒక కవరులో, ఏది ఎప్పుడు మార్చారో ఒక కాగితం మీద, రెండూ పెట్టె లోపలే ఉండాలి. పరిశుభ్రమైన పునరుద్ధరణ కంటే ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుందని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

## అన్నీ సరిచేసినా ఏమీ వినపడకపోతే

అది సెట్టు తప్పు కాకపోవచ్చు. యూరప్‌లో చాలా దేశాలు మీడియం వేవ్ ప్రసారాలు ఆపేశాయి. ఉన్న స్టేషన్ల మీద ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్ల నుంచి వచ్చే గుర్రుమనే రొద కప్పేస్తుంది. ఇంట్లో అవన్నీ ఆపేసి, పొడవాటి ఏరియల్, మంచి ఎర్త్ ఇచ్చి, రాత్రిపూట చూస్తే తేడా తెలుస్తుంది. సిగ్నల్ జనరేటరుంటే 1,000 కిలోహెర్ట్‌జ్ దగ్గర 400 హెర్ట్‌జ్ మాడ్యులేషన్‌తో పెట్టి డయల్ తిప్పవచ్చు. హెడ్‌ఫోన్లో ఆ "కుయ్" వినిపించి, రీజనరేషన్ నాబ్ తిప్పగానే అది పెరిగి ఈలలోకి జారిందంటే సెట్టు తన పని తాను చేస్తోంది. ఈల దగ్గర మాత్రం ఎక్కువసేపు ఉంచకూడదు. డిటెక్టర్ నేరుగా ఏరియల్‌కి తగిలి ఉన్న ఇలాంటి సెట్టు ఆ క్షణాన చిన్న ట్రాన్స్‌మిటరు, చుట్టుపక్కల రేడియోలన్నిటిలోనూ అదే ఈల మోగుతుంది.